కీళ్లవాతమున నాడుల పాత్ర

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నున్న నడిగడ్డ ప్రాంతమునకు చేతివ్రేళ్ల పనియే పేరు తెచ్చినది. గద్వాల, రాజోలి మొదలగు చోట్ల నేతపనివారు చీర నడిమి భాగమును నూలుతోను, అంచును కొంగును పట్టుతోను నేయుదురు. నూలుపోగును పట్టుపోగును ఒకదానితో నొకటి పెనవేసి కలుపు 'కుట్టు' పనియే గద్వాల చీరకు ప్రత్యేకత. ఈ ప్రాంతమందే పత్తి విత్తనముల సాగునందు కూలి స్త్రీలు ఒక్కొక్క మొగ్గను చేతితో విప్పి, మరియొక పూవు పుప్పొడిని దానికి అద్దుచుందురు. మగ్గముమీదనైనను, చేనిలోనైనను ఇచ్చటి వేలాది కుటుంబముల జీవనము వ్రేళ్ల కణుపులపై ఆధారపడి యున్నది.

ఆ కణుపులనే ముందుగా పట్టుకొను వ్యాధి యొకటి గలదు. దానిని వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. మనవారు కీళ్లవాతమని పిలుచుచున్నారు. మాధవనిదానమను ప్రాచీన ఆయుర్వేద గ్రంథమున ఆమవాతమను పేర వర్ణింపబడిన లక్షణములు దీనికి దగ్గరగా నున్నవి. మగ్గము నేయుటవలన ఈ వ్యాధి పుట్టునని మేము చెప్పుట లేదు. ఇది ఏ వృత్తివారికైనను రావచ్చును. అయితే వ్రేళ్లతో బ్రతుకు వారికి వచ్చినప్పుడు కలుగు నష్టము మిక్కిలి పెద్దది. ఈ వ్యాధిలో నొప్పిని మోయు నాడులు సైతము వాపును పెంచుచున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది యెట్లు జరుగునో, దానినిబట్టి రోగి యేమి చేయవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

వ్యాధి స్వరూపము

మన శరీరమున ప్రవేశించు సూక్ష్మక్రిములను చంపుటకు రక్షణ వ్యవస్థ యొకటి గలదు. రక్తమందలి తెల్లకణములు అందలి సైనికులు. ఊరి కావలివాడు దొంగను విడిచి ఇంటివానినే కొట్టినట్లు, కొందరిలో ఈ వ్యవస్థ శత్రువును గుర్తించుటలో పొరపడి తన కీళ్లనే ఎదిరించును. ప్రతి కీలు లోపలను ఒక పలుచని పొర యుండును. కీలు సులభముగా కదలుటకు కావలసిన జిగురుద్రవమును ఆ పొరయే ఊరించును. తెల్లకణములు గుంపులుగా వచ్చి ఈ పొరలో చేరగానే అది ఉబ్బి, దళసరియై, క్రమముగా మృదులాస్థిని, దాని క్రింది ఎముకను తినివేయును. ఒకసారి తినబడిన ఎముక మరల మునుపటి రూపమునకు రాదు. వ్రేళ్లు వంకరలు తిరుగుట ఇందువలననే.

ఈ వ్యాధి వందమందిలో ఒకరికి గాని, అంతకు తక్కువ మందికి గాని వచ్చును. పురుషులకన్న స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చుగా వచ్చును. వ్రేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు, పాదముల చిన్న కీళ్లు ముందుగా వాచును. సామాన్యముగా కుడిచేతికి వచ్చినచో ఎడమచేతికిని వచ్చును. ప్రొద్దుట నిద్ర లేచినపుడు వ్రేళ్లు బిగుసుకొనిపోయి, అర్ధగంటకు, గంటకు గాని సడలవు. వయసు మీరిన వారికి మోకాళ్లు అరుగుటవలన కలుగు నొప్పి ఇట్టిది కాదు. అది పని చేసిన కొలది హెచ్చును, విశ్రాంతితో తగ్గును. కీళ్లవాతపు బిగువు విశ్రాంతి తరువాతనే హెచ్చును. ఈ తేడాను ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనవలెను.

మిరపకాయ చెప్పు పాఠము

ఇక నాడుల సంగతి. నాడి యనగా ఒంటిలోని వార్తను మెదడునకు చేరవేయు తంతి వంటిదని మనకు తెలియును. చేతికి ముల్లు గ్రుచ్చుకొనగానే ఆ వార్త నాడిగుండా వెన్నుపామునకు, అచ్చటనుండి మెదడునకు పోవును. అప్పుడు మనకు నొప్పి తెలియును. కాని ఆ నాడి వార్తను పైకి పంపుటతో ఊరకుండదు. వార్త పుట్టిన చోటనే కొన్ని పదార్థములను క్రుమ్మరించును.

దీనికి నిదర్శనము మన ఇండ్లలోనే యున్నది. ఎండుమిరపకాయల తొడిమలు తీయు స్త్రీల చేతులు మండును, ఎర్రబారును, ఒక్కొక్కప్పుడు ఉబ్బును. మిరప అగ్ని కాదు; అది చర్మమును కాల్చలేదు. అట్లయిన ఈ ఎరుపు, ఈ వాపు ఎచ్చటనుండి వచ్చినవి? మిరపలోని కారమునకు మూలమైన క్యాప్సైసిన్ అను పదార్థము నొప్పినాడుల కొసలను తట్టి లేపును. ఆ కొసలు వెంటనే తమలో దాచుకొన్న పదార్థములను చుట్టుప్రక్కల వదలును. వానివలన సన్నని రక్తనాళములు వెడల్పగును, కనుక చర్మము ఎర్రబారును. నాళముల గోడలు వదులై నీరు బయటికి ఊరును, కనుక వాపు కలుగును. అనగా వేడి, ఎరుపు, నొప్పి, వాపు అను నాలుగు లక్షణములను నాడియే కలిగించుచున్నది.

హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు మిక్లోష్ యాంచోయు, ఆయన సహచరులును ఈ విషయమును పరీక్షలతో నిరూపించిరి. నాడిని త్రెంచివేసిన చర్మముపై మంట పుట్టించు పదార్థములను పూసినను వాపు రాదని 1967లో వారు ప్రకటించిరి. నాడి లేనిచోట ఆ వాపు లేదు. మిరపకారమును నాడి ఏ ద్వారమున గ్రహించునో అమెరికాకు చెందిన డేవిడ్ జూలియస్ 1997లో కనుగొనెను. ఈ కృషికి ఆయనకు 2021లో నోబెల్ బహుమానము లభించినది.

నాడీ పెప్టైడులు

నాడులు వదలు ఈ పదార్థములలో ముఖ్యమైనవానిని నాడీ పెప్టైడులందురు. మన ఆహారమందలి మాంసకృత్తులు అమినో ఆమ్లములను చిన్న చిన్న పూసలు గ్రుచ్చిన పొడవైన దండల వంటివి. కొన్ని పూసలు మాత్రమే గల పొట్టి దండను పెప్టైడు అందురు. నాడీకణములో తయారగు పొట్టి దండయే నాడీ పెప్టైడు.

వీనిలో మొదట తెలియవచ్చినది 'సబ్‌స్టెన్స్ పి'. ఫాన్ ఆయిలర్, గాడం అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1931లో గుఱ్ఱపు మెదడునుండియు, ప్రేగులనుండియు తీసిన సారములో దీనిని కనుగొనిరి. దీనియందు పదునొకండు పూసలు గలవని 1971లో తేలినది. రెండవది సి.జి.ఆర్.పి. అను పేరు గలది. దీనియందు ముప్పదియేడు పూసలు గలవు. రక్తనాళములను వెడల్పు చేయుటలో దీనిని మించినవి అరుదు. ఈ రెండును నొప్పినాడులలో తరచు కలిసియే యుండును. మూడవది వి.ఐ.పి. అను ఇరువదియెనిమిది పూసల దండ. దాని నడవడి వేరు. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

ఇవి తయారగు చోటు వెన్నుపాము ప్రక్కనున్న నాడీకణముల ముడులు. అచ్చటనుండి ఇవి నాడివెంట ప్రయాణము చేసి దాని కొసలకు చేరి, సన్నని తిత్తులలో నిలువయుండును. కీలు లోపలి పొరలో ఇట్టి నాడుల కొసలు అనేకము గలవు.

కీలులో జరుగు పని

కీళ్లవాతము గల కీలులో తెల్లకణములు ముందుగా కయ్యమునకు దిగును. అవి విడుచు రసాయనములు నొప్పినాడులను రేపును. నాడి ఒకవైపు నొప్పి వార్తను మెదడునకు పంపుచు, రెండవవైపు సబ్‌స్టెన్స్ పి, సి.జి.ఆర్.పి.లను కీలులోనికి వదలును. సి.జి.ఆర్.పి. వలన రక్తము హెచ్చుగా పారును. సబ్‌స్టెన్స్ పి వలన నాళముల గోడలు వదులై నీరు ఊరును. ఆ ద్వారమున మరికొన్ని తెల్లకణములు లోనికి వచ్చును. అది అంతటితో ఆగక తెల్లకణములను రెచ్చగొట్టి, టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్ అను శోథకారక పదార్థములను వదలించును. కీలు పొరలోని కణములచే మృదులాస్థిని కరగించు జీర్ణరసమును ఊరించును. ఈ పదార్థములు మరల నాడిని రేపును. నాడి మరల పెప్టైడులను వదలును. ఏతాము బొక్కెన దిగుచు లేచుచు నీరు తోడినట్లు, ఈ వలయము తనంత తాను తిరుగుచునే యుండును.

మరియొక విషయము. ఆరోగ్యవంతుని కీలులో రెండు తెగల నాడులుండును. ఒకటి నొప్పిని తెలుపునది. రెండవది రక్తనాళములను అదుపులో నుంచు సహవేదన నాడి. కీళ్లవాత రోగుల కీలు పొరను సూక్ష్మదర్శినితో పరీక్షించినపుడు రెండవ తెగ నాడులు చాల తగ్గిపోయి, సబ్‌స్టెన్స్ పి గల నొప్పినాడులు మిగిలియుండుట కానవచ్చినది. అదుపు చేయువారు తగ్గి, రెచ్చగొట్టువారు నిలిచిరన్నమాట.

వి.ఐ.పి. మాత్రము శాంతింపజేయు గుణము గలది. కీళ్లవాతము కల్పింపబడిన ఎలుకలకు దీని నిచ్చినప్పుడు వాపును, ఎముక క్షయమును తగ్గినట్లు 2001లో ప్రకటింపబడినది. అనగా నాడులు అగ్గిని రాజేయగలవు, ఆర్పనుగలవు.

ప్రయోగశాలలోను, ఆసుపత్రిలోను కనబడిన నిదర్శనములు

ఎలుకలలో కీళ్లవాతము కల్పించినపుడు మోకాళ్లకన్న చీలమండలకు వాపు తీవ్రముగా వచ్చును. దీనికి కారణమేమని అమెరికాలో లెవిన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన బృందమును వెదకిరి. చీలమండ కీళ్లయందు సబ్‌స్టెన్స్ పి గల నాడులు దట్టముగా నున్నట్లును, మోకాళ్లయందు పలుచగా నున్నట్లును వారు చూచిరి. అంతట సబ్‌స్టెన్స్ పిని మోకాలిలోనికి ఎక్కించి చూడగా అచ్చటను వ్యాధి తీవ్రమైనది. ఈ ఫలితము 1984లో వెలువడినది.

మనుష్యులలోను ఇట్టి నిదర్శనము గలదు. పక్షవాతము వచ్చి ఒక ప్రక్క చెయ్యి, కాలు పడిపోయిన కొందరికి అటుపిమ్మట కీళ్లవాతము వచ్చినది. సామాన్యముగా రెండు ప్రక్కలను సమముగా పట్టవలసిన ఈ వ్యాధి, వారిలో పడిపోయిన ప్రక్కను విడిచి, మంచి ప్రక్కనే పట్టినది. ఇంగ్లండు దేశపు వైద్యులు 1962లో ఇట్టి రోగులను గూర్చి వ్రాసిరి. చేతికి పని లేకపోవుట దీనికి కొంత కారణము కావచ్చును గాని, నాడుల పలుకుబడిని ఈ సంగతి స్పష్టముగ చూపుచున్నది.

వేరేమిటి, విసనకర్ర యేమిటి?

ఇంతవరకు చదివినవారు ఒక ప్రశ్న వేయవచ్చును. నాడీ పెప్టైడులే వాపును పెంచుచున్నచో వానిని అణచు మందు తీసికొన్న చాలదా యని. శాస్త్రజ్ఞులును ఇట్లే ఆశించిరి. సబ్‌స్టెన్స్ పి పనిని అడ్డగించు మందులు తయారైనవి. కాని మనుష్యుల నొప్పులపై అవి ఆశించినంత పని చేయలేదు. అట్టి మందులలో నొకటి కాన్సరు చికిత్సయందు కలుగు వాంతులను ఆపుటకు నేడు వాడబడుచున్నది.

దీనినుండి మనము గ్రహింపవలసినది ఒకటి గలదు. నాడి ఈ అగ్గికి విసనకర్ర వంటిది. విసనకర్రను లాగికొన్నంత మాత్రమున కట్టెలు ఆరిపోవు. కట్టెలు రక్షణ వ్యవస్థలోని పొరపాటునందున్నవి. కనుకనే నొప్పి తగ్గుట వేరు, వ్యాధి తగ్గుట వేరు. మిరపసారముతో చేసిన లేపనమును పలుమార్లు పూసినచో నాడులలోని సబ్‌స్టెన్స్ పి నిలువ తరిగి నొప్పి కొంత తగ్గును. కీళ్లవాత రోగులలో ఇట్లు నొప్పి తగ్గినట్లు 1991లో ఒక పరిశీలన వెలువడినది. అయినను ఆ లేపనము ఎముక తినబడుటను ఆపజాలదు. ఇంటిలో మిరపకాయ నూరి పట్టించుట మాత్రము తగదు. బొబ్బలు లేచి పుండ్లు పడును. కాపడము, తైలమర్దనము, నొప్పి బిళ్లలు కూడ ఇట్టివే. అవి ఊరటనిచ్చును. ఆ ఊరటను చూచి వ్యాధి నయమైనదని తలచి నెలలు గడుపువారు వ్రేళ్లను పోగొట్టుకొనుచున్నారు.

వెన్నుపామునకు చెందని వేగస్ అను పెద్ద నాడిద్వారా శోథను అణచవచ్చునని మరియొక మార్గమున పరిశోధనలు జరిగినవి. శరీరమున అమర్చిన చిన్న యంత్రముతో ఆ నాడిని ప్రేరేపింపగా కొందరు కీళ్లవాత రోగులకు ఉపశమనము కలిగినట్లు 2016లో ప్రకటింపబడినది. నాడులను గూర్చిన జ్ఞానము ముందు ముందు మరిన్ని చికిత్సలకు దారితీయును. అంతవరకు మన చేతిలో నున్న మంచి మందును విడువరాదు.

తెలుగువాని కృషి

ఆ మంచి మందు వెనుక ఒక తెలుగువాడున్నాడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమునందును, తరువాత లెడర్లీ ప్రయోగశాలలయందును పరిశోధన చేసెను. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు ఆ కృషినుండియే వచ్చినవి. వీనిని మొదట పిల్లల రక్తకాన్సరుకు వాడిరి. 1948లో సుబ్బారావు మరణించెను. అమినాప్టెరిన్‌ను కీళ్లవాతమునకు 1951లో కొందరు వాడి చూచిరి. తరువాతి కాలమున మెథోట్రెక్సేట్‌ను కొద్ది మోతాదులో వాడుట మేలని తేలి, 1988లో అమెరికా ప్రభుత్వము కీళ్లవాతమునకు దీనిని అనుమతించెను. నేడు ప్రపంచమంతట ఈ వ్యాధికి మొదట వ్రాయు మందు ఇదియే. ఇది నొప్పిని మాత్రమే గాక, రక్షణ వ్యవస్థ పొరపాటునే అణచును.

ఈ మందును గూర్చి ఒక హెచ్చరికను ప్రతి ఇంటను తెలిసికొనవలెను. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేట్‌ను వారమునకు ఒక్క దినమే మ్రింగవలెను. ఇతర బిళ్లలవలె దినదినము మ్రింగినచో నోరు పూయుట, రక్తకణములు క్షీణించుట మొదలగు ఆపదలు కలిగి ప్రాణమే పోవచ్చును. వారములో ఏ దినమున మ్రింగవలెనో వైద్యుని చేత చీటిపై వ్రాయించుకొనుడు. చదువు రానివారికి ఇంటిలోని పిల్లలు ఆ దినమును గుర్తుచేయుడు. వైద్యుడు చెప్పిన దినమున ఫోలిక్ ఆమ్లపు బిళ్లను మ్రింగవలెను. కాలేయమును, రక్తమును అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనవలెను. కల్లు, సారా మానవలెను. గర్భవతులును, గర్భము ధరింపగోరువారును ఈ మందును వాడరాదు. ఆ సంగతి వైద్యునికి ముందుగానే చెప్పినచో వేరు మందు వ్రాయును.

చేయవలసిన పనులు

చిన్న కీళ్లు వాచి, ప్రొద్దుటి బిగువు ఆరు వారములు దాటి నిలిచినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. మొదటి మూడు నెలలలో సరియైన చికిత్స మొదలిడినవారికి కీళ్లు చెడకుండ నిలుచు అవకాశము హెచ్చు. గద్వాల జిల్లా ఆసుపత్రి గలదు. వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములందు 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థయందు కీళ్లవాత వ్యాధులకు ప్రత్యేక విభాగము గలదు.

కీళ్లు వాచినంత మాత్రమున అది ఈ వ్యాధియే యని నిశ్చయింపరాదు. చికున్‌గున్యా జ్వరము తరువాత నెలల తరబడి కీళ్లు నొచ్చును. ఫ్లోరైడు హెచ్చుగా గల నీరు త్రాగువారికి వెన్ను, కీళ్లు బిగుసుకొనును. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, వైద్యుని చేతి పరీక్ష కలిపి చూచిననే నిర్ణయము కుదురును.

స్టెరాయిడు బిళ్లలను, సూదులను పేరు చెప్పకుండ ఇచ్చువారి దగ్గరకు పోరాదు. వానివలన రెండు దినములలో వాపు తీసి, రోగి లేచి తిరుగును. అయితే మోతాదు తెలియక ఏండ్ల తరబడి వాడినచో ఎముకలు గుల్లబారును, చక్కెర వ్యాధి, రక్తపు పోటు కలుగును. ఇదివరకే వాడుచున్నవారు వానిని ఒక్కసారిగా మానుటయు అపాయమే; వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను.

బీడీ, సిగరెట్లు ఈ వ్యాధి కలుగు అవకాశమును పెంచును, ఉన్నదానిని ముదిరించును. వానిని మానవలెను. కీలు బాగుగ వాచియున్న దినములలో దానికి విశ్రాంతి నీయవలెను. వాపు తగ్గిన పిమ్మట వ్రేళ్లను ప్రతిదినము మెల్లగా ముడిచి విప్పుచుండవలెను. పూర్తిగా కదలనియ్యక యుంచినచో కీలు బిగుసుకొనిపోవును. మగ్గము పనివారు గంటకొకసారి చేతులకు తెరపి నిచ్చుట మంచిది.

ఇంటివారి బాధ్యతయు గలదు. నొప్పి గల కోడలు ప్రొద్దుట నీళ్లు తోడలేకపోయినను, నేతగాడు తెల్లవారి మగ్గమెక్కలేకపోయినను, అది సోమరితనము కాదని గుర్తింపవలెను. మధ్యాహ్నమునకు బిగువు సడలి అదే మనిషి పని చేయుట చూచి నటనయని అనుమానించుట అన్యాయము. ఆ బిగువు ఈ వ్యాధి లక్షణము. గ్రామ పెద్దలును, ఆశా కార్యకర్తలును, నేత సహకార సంఘములవారును ఈ సంగతిని పదిమందికి చెప్పి, వాచిన వ్రేళ్లతో మౌనముగా బాధపడువారిని సకాలమున ఆసుపత్రికి పంపవలెను.

నొప్పినాడి వార్త తెచ్చునది మాత్రమే కాదు, వాపులో భాగస్వామి యని నేటి శాస్త్రము తేల్చినది. ఆ వార్తను అణచి కూర్చున్నను, భరించి కూర్చున్నను కీలు లోపలి నష్టము ఆగదు. ప్రొద్దుట బిగిసిన పిడికిలి ఎన్ని దినములనుండి బిగియుచున్నదో లెక్కించుకొని, ఆరు వారములు నిండినచో ఆసుపత్రికి బయలుదేరుడు.